ఏడో బ్లాకు, ఇరవై ఎనిమిదో తేదీ

మీరు అబద్ధం రాశారు. ఓస్గూడ్ వైనరీ పెద్దల్లారా, మీ పేరు అచ్చేసిన దళసరి కాగితం మీద, కింద సంతకం పెట్టి మరీ రాశారు. సెప్టెంబరు ఇరవై ఆరు సాయంత్రంతో కోత ఆపేశామన్నారు. ఆ తర్వాత ఒక్క మనిషి కూడా ద్రాక్షతోట ఏడో బ్లాకులో అడుగు పెట్టలేదన్నారు. నేను పెట్టాను. ఈ రెండు కాళ్ళతోనే పెట్టాను. నా పక్క సాలులో నాబోర్ పెట్టాడు. అతను ఇప్పుడు లేడు కాబట్టి మీరు అట్లా రాయగలిగారు. నేనింకా ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొన్న ఆదివారం మీ పచ్చిక మీద ఏం జరిగిందో ఊళ్ళో అప్పుడే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. కోతవాళ్ళు తాగొచ్చి గొడవ చేశారని ఒకడు. కవయిత్రిని ఏడిపించారని ఇంకొకడు. నేను చుక్క ముట్టలేదు. నాబోర్ భార్య ఎలోదియా ముట్టలేదు. కవయిత్రి ఏడ్చిన మాట నిజం. ఎందుకేడ్చిందో చెబుతాను, వినండి.

ముందు పోయిన సెప్టెంబరు ఇరవై ఎనిమిది సంగతి.

గుట్ట వెనక అడవి అంటుకుని అప్పటికి నాలుగు రోజులు. షెరీఫ్ మనుషులు ఇల్లిల్లూ తిరిగి ఖాళీ చెయ్యమన్నారు. కుక్కల్ని కార్లెక్కించారు. గుర్రాల్ని బండ్లెక్కించి కింది ఊరికి దాటించారు. లోయలో ఉన్న ప్రాణమంతా కిందికి దిగుతుంటే మా పదకొండు మందిని మాత్రం పైకి తోలారు. మేస్త్రి కూకో తన ట్రక్కు అద్దం కింద ఒక పాసు పెట్టుకొచ్చాడు. తోటలకి నీళ్ళు పెట్టడానికీ పంపులు చూసుకోడానికీ లోపలికి పోవచ్చని దాని మీద ఉంది. మా చేతుల్లో ఉన్నవి కోత కత్తులు. వాటితో పంపులేం చూస్తాం?

తొందరెందుకో మాకూ తెలుసు. ద్రాక్ష తొక్కకి పొగ పట్టేస్తుంది. పట్టిందంటే వైన్ బూడిద రుచి కొడుతుంది, ఎవడూ కొనడు. మనిషి ఊపిరితిత్తులు ఏ రుచి కొడతాయో ఎవడూ నాకి చూడడు గదా. అందుకని పండు ముందు, మనిషి తర్వాత.

పొద్దున తొమ్మిదైనా నెత్తిన లైట్లు కట్టుకుని కోశాం. సూర్యుడు తుప్పు పట్టిన రేకు ముక్కలా ఉన్నాడు. బూడిద గుత్తుల మీద పడుతోంది, ఊదుకుంటూ కోశాం. మూతికి మా సొంత గుడ్డలే. నాబోర్‌కి నవ్వించకపోతే చెయ్యి ఆడదు.

"అక్కా, పొగ తాగడం మానమని నీ మరదలు పదేళ్ళుగా నన్ను చంపుకు తింటోంది. ఇవాళ వీళ్ళు ఊరికే తాగిస్తున్నారు. వద్దంటే బాగుంటుందా?"

"మూసుకుని కొయ్యరా. నోరు తెరిస్తే ఇంకా పోతుంది లోపలికి."

"పోనీలే. లోపల ఖాళీగానే ఉంది."

పదింటికి సాలు చివర కొయ్య పక్కన కూర్చుండిపోయాడు. చెయ్యి టబ్బు మీదే ఉంది. ఊపిరి తీస్తుంటే చిల్లిపడ్డ తోలుతిత్తి చప్పుడు. కూకో వచ్చి, కాసేపు ట్రక్కులో కూర్చో, అద్దాలెక్కించుకో అన్నాడు. పావుగంట కూర్చున్నాడు. మళ్ళీ దిగొచ్చి మధ్యాహ్నం దాకా కోశాడు. ఎందుకు దిగావురా అని నేను అడగలేదు. అడగాల్సింది. ఆ తప్పు నాది, నేనే మోస్తాను.

నాలుగో రోజు కింది ఊరి ఆసుపత్రిలో పోయాడు. పాత ఉబ్బసం అని రాశారు.

కార్మిక భద్రతా శాఖ నుంచి ఒక అధికారి వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. నేను చెప్పిందంతా రాసుకున్నాడు. వైనరీ ఉత్తరం చూపించాడు, ఇరవై ఆరు తర్వాత ఎవరూ లేరని. పాసు పంపుల కోసమేనట. ఆ రోజు హాజరు వేసిన కాగితం ఏదంటే మేస్త్రి దగ్గర ఉండాలి, మేస్త్రిని అడిగితే మంటల హడావిడిలో పోయింది. ఫోటోలు లేవు, ఫోన్లు బయటికి తీస్తే ఇంటికి పంపిస్తానని కూకో ముందే చెప్పాడు. పదకొండు మందిలో ఆరుగురు ఆపిల్ తోటలకి ఉత్తరాన పోయారు, మళ్ళీ కనపడలేదు. మిగిలినవాళ్ళు తేలు కుట్టిన దొంగల్లా ఉన్నారు. వాళ్ళని అనను. చేతిలో కాగితాల్లేని మనిషి ఆఫీసు గడప తొక్కడం అంటే ఏమిటో నాకు తెలుసు.

"అమ్మా, మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ అది మాటే. వాళ్ళది కాగితం. నాకూ ఒక కాగితం తెచ్చివ్వండి. జూన్ ముప్పైలోపు ఏమీ దొరక్కపోతే ఫైలు మూసెయ్యాలి" అన్నాడాయన.

ఎలోదియా ఏం కోరుతోందో చాలామందికి అర్థం కాలేదు. నష్టపరిహారం కోసమని ఊళ్ళో అనుకున్నారు. ఒకరోజు మా ట్రైలర్ ఇంటి మెట్ల మీద కూర్చుని చెప్పింది.

"వదినా, చచ్చాడని నాకు తెలుసు. నేనే కళ్ళు మూశాను. కానీ వీళ్ళు అసలు అక్కడ లేడంటున్నారు. ఇరవై రెండేళ్ళు ఆ తోటలో వంగినోణ్ణి, ఆఖరి రోజు లేడంటే నేనెట్లా ఊరుకుంటాను? అక్కడున్నాడు, పని చేస్తూ పోయాడు అని రాయమను. అంతే నాకు కావలసింది."

మరి కవయిత్రి సంగతి. పేరు ఇస్మెల్దా. మా గుంపులో కోసిన మనిషి కూతురే. జ్ఞానస్నానం రోజున నాబోర్ ఈ పిల్లని చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు, జ్ఞానతండ్రి. బడి బస్సు తప్పితే తన ట్రక్కులో దింపొచ్చేవాడు. ఇప్పుడు పట్నంలో ఉంటుంది, రెండు పుస్తకాలు వేసింది, బహుమతులొచ్చాయి. నాబోర్ పోయిన నెలకి ఒక పద్యం రాసి ఎలోదియాకి ఫోన్లో చదివి వినిపించింది. అందులో ఒక మాట నాకు గుర్తుండిపోయింది: "గుర్రాలు దిగుతున్న దారిలో మా నాయన ఎక్కుతున్నాడు." మంచి మాట. నిజమైన మాట.

ఈ ఓస్గూడ్ వైనరీ ఏటా వేసవి మొదట్లో కొత్త సీసాలు బయటపెట్టేటప్పుడు ఒక కవిని పిలుస్తుంది. పద్యాలు, తర్వాత యజమానురాలితో ముచ్చట్లు, మధ్యలో వైన్, జున్ను. ఈ ఏడు ఇస్మెల్దాని పిలిచారు. అంతేకాదు, ఆమె పాత పద్యంలోంచి ఒక పాదం తీసి సీసా మీద అచ్చేశారు: "ఈ నేలకి మా చేతులు తెలుసు." నేలకి తెలుసట. ఉత్తరం రాసిన లాయరుకి మాత్రం తెలియదు.

ఎలోదియా ఫోన్ చేసి అడిగింది, నీ పెదనాన్న పద్యం అక్కడ చదువు, వాళ్ళ ముఖం మీదే చదువు అని. చదువుతాను పెద్దమ్మా, మీరూ రండి, ముందు వరసలో కుర్చీలు వేయిస్తాను అంది.

పోయాం. ఎలోదియా చర్చికి వేసుకెళ్ళే నీలం గౌను తొడుక్కుంది. ఒళ్ళో నాబోర్ టోపీ. తెల్ల కుర్చీలు అరవై దాకా. మధ్య మధ్య పీపాలు నిలబెట్టి వాటినే బల్లలు చేశారు. బండ్లు ఎక్కడ ఆపాలో చూపిస్తున్నవాడు ఎవరనుకున్నారు? కూకో. ఆ సెప్టెంబరు తర్వాత అతనికి ఇక్కడ ఏడాది పొడుగూ ఉద్యోగం దొరికింది. ఎందుకు దొరికిందో మీరే అనుకోండి. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నాడు.

మొదలయ్యే ముందు ఇస్మెల్దా మా దగ్గరికొచ్చింది. ఎలోదియా బుగ్గ మీద ముద్దు పెట్టింది. ముద్దు పెట్టిన తీరులోనే నాకు అనుమానం వచ్చింది.

"పెద్దమ్మా, ఆ పద్యం ఇవాళ కుదరదు. లాయర్ల వ్యవహారం నడుస్తోంది కదా, అది ఒక్కటీ వద్దన్నారు. మిగతావన్నీ నా ఇష్టమన్నారు."

"మిగతావంటే ఏవి?" అన్నాను నేను. "మీ అమ్మమ్మ రొట్టెల మీద రాసిందా?"

"అత్తా, నువ్వు అర్థం చేసుకో. ఈ లోయలో బడిపిల్లల కవిత్వం క్లాసులు వీళ్ళ దయ మీదే నడుస్తున్నాయి. నేను ఇవాళ రచ్చ చేస్తే..."

"నీ పెదనాన్న చచ్చాడు. రొట్టెలు బతికే ఉన్నాయిలే. పో, వాటి గురించే చదువు."

ఎలోదియా నా మోచెయ్యి నొక్కింది. "సరేలే అమ్మా. నీ ఉద్యోగం నీది" అంది. నేను తిట్టిన తిట్లన్నీ కలిపినా ఆ మాటంత గట్టిగా తగలవు. ఇస్మెల్దా ముఖం పాలిపోయింది. అయినా మైకు దగ్గరికే పోయింది.

చదివింది. రొట్టెలు చదివింది. వాన చదివింది. అమ్మమ్మ పెట్టెలోని సూదీ దారం చదివింది. ఒక్కో పద్యం అయ్యాక ఆ జనం ముక్కులోంచి "మ్‌మ్" అంటారు. చప్పట్లు కొట్టడం మోటట. మేత బాగున్నప్పుడు ఆవులు చేసే చప్పుడు అది. ఎలోదియా ప్రతి పద్యానికీ కాస్త ముందుకి వంగేది, ఇదేనేమో అని. కాదు. మళ్ళీ వెనక్కి వాలేది. ఏడుసార్లు వంగింది. నేను లెక్క పెట్టాను.

తర్వాత ముచ్చట్లు. యజమానురాలు మెరిడిత్ ఓస్గూడ్ ఎదురు కుర్చీలో కూర్చుంది. తెల్ల నార చొక్కా, మెత్తని గొంతు.

"మీ కవిత్వంలో చేతులు మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఎందుకంటారు?"

"నేను పనిచేసే చేతుల మధ్య పెరిగాను. ఆ చేతులే నాకు మొదటి పుస్తకం" అంది ఇస్మెల్దా.

"ఎంత అందంగా చెప్పారు!"

మ్‌మ్, అంది మంద.

నేను లేచిపోదామని ఎలోదియా చెవిలో అన్నాను. ఆమె కదల్లేదు. "అడిగి వచ్చాం. అయ్యేదాకా ఉందాం" అంది. ఆమె నాలా కాదు. ఓపిక ఉన్న మనిషి. ఆ రోజు పని చేసింది ఆ ఓపికే, నా కోపం కాదు.

అప్పుడు టోబిన్ వచ్చాడు. వైన్ చేసేది అతనే. పొడుగాటి మనిషి, గోళ్ళ కింద ఎప్పుడూ ఊదారంగు. పీపా పీపాకీ మంచులో పెట్టిన సీసా ఒకటి. రోజా రంగు వైన్. ఇది నా బిడ్డ, ఈ ఏడు దీని కోసం ప్రాణం పెట్టాను అన్నాడు. ప్రాణం ఎవరు పెట్టారో అతనికి తెలియదు. మా ముందున్న పీపా మీదా ఒకటి పెట్టి పోయాడు.

మా కోతవాళ్ళకి ఒక అలవాటుంది. సీసా చేతికొస్తే ముందు మూత తియ్యం, వెనక్కి తిప్పుతాం. ఈ వైన్ చేసేవాళ్ళకి గొప్పలెక్కువ. ఏ బ్లాకు, ఏ రోజు కోశారు, ఆ రోజు పండులో తీపి ఎంత, చేత్తోనా మిషనుతోనా, అన్నీ వెనక లేబుల్ మీద వేసుకుంటారు. తాగేవాళ్ళు దాన్ని జాతకంలా చదువుతారు. మేం చదివేది వేరే. పెళ్ళిలోనో బారసాలలోనో ఎవరైనా ఒక సీసా తెస్తే నాబోర్ తిప్పి పెద్దగా అరిచేవాడు: "మూడో బ్లాకు, సెప్టెంబరు పన్నెండు! ఇది మనదేరా! ఆ రోజే నన్ను కందిరీగ చెవి మీద కుట్టింది!" ఇక వాదులాట. కుట్టింది నిన్ను కాదు నన్నని ఒకడు, ఆ రోజు వాన పడిందని ఒకడు. మాకు వైన్ రుచి చెప్పడం రాదు. అది పుట్టిన రోజు మాత్రం చెప్పగలం.

ఎలోదియా సీసా తీసుకుంది. నాబోర్ తిప్పినట్టే, బొటనవేలితో మంచు నీళ్ళు తుడిచి వెనక్కి తిప్పింది. చాలాసేపు చూసింది.

"వదినా, ఇది ఏడే కదూ?"

"ఏడే."

"ఈ పక్కది ఇరవై ఎనిమిదా?"

లాక్కుని చూశాను. ఉన్నదున్నట్టు చెబుతున్నాను: "ఏడో బ్లాకు. కోత: సెప్టెంబరు 28. చేత్తో కోసినది. తీపి 21.4. మంటలు గుట్ట దాటక ముందే ఇంటికి చేర్చిన పంట."

మూడుసార్లు చదివాను. ఎనిమిది నెలలు మేం ఆఫీసుల చుట్టూ తిరిగి అడుక్కున్న కాగితం. దానికి వాళ్ళే గమ్ము పూసి, సీసాకి అంటించి, చల్లబెట్టి మా చేతికిచ్చారు. ఉత్తరం రాసిన లాయరు వైన్ లేబుల్ చదవలేదు. లేబుల్ రాసిన టోబిన్ ఉత్తరం చదవలేదు. ఒకే ఇంట్లో రెండు నోళ్ళు, ఒకటి భయంతో అబద్ధం చెప్పింది, ఒకటి గొప్పకి పోయి నిజం చెప్పింది.

"ఇంకేమైనా ప్రశ్నలుంటే..." అంటోంది మెరిడిత్. ఒక పెద్దమనిషి లేచి, మీరు పొద్దున రాస్తారా సాయంత్రం రాస్తారా అని అడిగాడు. పొద్దునట.

ఎలోదియా లేచింది. టోపీ కుర్చీలో పెట్టి, సీసా పట్టుకుని నిలబడింది. మైకు ఇచ్చారు. ఆమెకి ఇంగ్లీషు రాదు. మా భాషలోనే మాట్లాడింది.

"ఇస్మెల్దా, నేను చదువుకోలేదు. అంకెలు మాత్రం తెలుసు. నువ్వు చదువుకున్నదానివి. ఈ సీసా వెనక ఏముందో అందరికీ వినపడేట్టు చదువు."

ఇస్మెల్దా సీసా అందుకుంది. కళ్ళు కిందికి దిగాయి. ఆగిపోయాయి.

"ఏమంటున్నారావిడ?" అంది మెరిడిత్ నవ్వుతూ.

"లేబుల్ చదవమంటున్నారు."

జనం ముచ్చటగా నవ్వారు. పాపం పల్లెటూరి ఆవిడ, ఎంత అమాయకత్వం అన్నట్టు. వెనకనుంచి టోబిన్ చెయ్యెత్తి, "చదవండి చదవండి! అది నేనే రాశాను!" అన్నాడు.

ఇస్మెల్దా చదివింది. ఇంగ్లీషులో ఒకసారి, మా భాషలో ఒకసారి. ఇందాక పద్యాలు చదివిన గొంతు కాదది. తేదీ దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని తేదీ దాటించింది. ఈసారి ఎవరూ మ్‌మ్ అనలేదు, అందులో అనడానికేముందో వాళ్ళకి తెలియలేదు.

నేను లేచాను. మైకు అక్కర్లేదు నాకు.

"టోబిన్! ఆ ఇరవై ఎనిమిదిన ఏడో బ్లాకులో కోసింది ఎంతమంది?"

"పదకొండు మంది!" అన్నాడు టోబిన్, మెడల్ ఇచ్చేవాడిలా. "మీకు చెప్పాల్సిందే. గాలి పసుపుపచ్చగా ఉంది. పది అడుగుల దూరం కనపడదు. పాసు తెప్పించి పైకి తీసుకెళ్ళాం. వీరులండీ వాళ్ళు! నేనే స్వయంగా వాళ్ళకి తిండి పట్టుకెళ్ళాను. మీరూ ఉన్నారు కదూ ఆ రోజు? మీరూ, ఎప్పుడూ జోకులేసే ఆయన... ఆయన బాగున్నారా?"

బాగున్నారా అన్నాడు.

అతనికి నిజంగా తెలియదో, తెలియనట్టు నటించాడో నేను చెప్పలేను. తెలియకపోతే అదీ నేరమే. తన పండు కోసినవాడు చచ్చి ఎనిమిది నెలలైనా చెవిన పడలేదంటే, ఆ చెవి చుట్టూ ఎంత ఎత్తు గోడ కట్టుకుని ఉండాలి?

"టోబిన్, కూర్చో" అంది మెరిడిత్. మెత్తని గొంతు ఎక్కడికి పోయిందో.

నా సంచిలో వైనరీ ఉత్తరం నకలు ఎప్పుడూ ఉంటుంది. తీసి చదివాను. "సెప్టెంబరు 26 సాయంత్రం తర్వాత మా తోటల్లో ఏ బ్లాకులోనూ కోత జరగలేదు." చదివి, ఆ జోకులేసే ఆయన భార్య ఈవిడే అని ఎలోదియాని చూపించాను. టోబిన్ పీపా పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు.

"అది అచ్చుతప్పు" అంది మెరిడిత్. "తేదీ పొరపాటున పడింది. క్షమించండి, కార్యక్రమం ఇంతటితో ముగిస్తున్నాం. దయచేసి సీసాలు బల్లల మీదే వదిలెయ్యండి."

చూడండి తెలివి! అరవై మంది ముందు మనిషి నోటితో చెప్పిందీ అచ్చుతప్పేనట. అచ్చు ఎక్కడుంది అందులో?

మైకు ఆగిపోయింది. పనివాళ్ళు పీపాల మీది సీసాలు ఏరడం మొదలెట్టారు. మా దగ్గరికి కూకో వచ్చాడు. ఎలోదియా చేతిలోని సీసా మెడ పట్టుకున్నాడు.

"ఎలోదియా, ఇచ్చెయ్ అమ్మా. నా ఉద్యోగం పోతుంది."

"కూకో, ఆ రోజు నా మొగుణ్ణి ట్రక్కులో కూర్చోబెట్టింది నువ్వే కదా. అద్దాలెక్కించుకో అంది నువ్వే కదా. దానికి నీకు దణ్ణం పెడతాను. ఈ సీసా మాత్రం ఇవ్వను."

వేళ్ళు వదిలాడు. చెయ్యి వదిలాడు గాని నోరు విప్పలేదు. ఒరే కూకో, అది చాలదు.

ఇస్మెల్దా పరిగెత్తుకొచ్చింది. ముక్కు ఎర్రగా, చేతిలో పద్యం కాగితం. "పెద్దమ్మా, చదువుతాను. మైకు లేకపోయినా ఇప్పుడే చదువుతాను. నన్ను క్షమించు."

"తర్వాత చదువుదువులే" అంది ఎలోదియా. "ముందు సంతకం పెట్టు."

పుస్తకాల మీద సంతకాలు చెయ్యడానికి ఆమె కోసం వేసిన బల్ల అక్కడే ఉంది, పెన్నులతో సహా. ఎలోదియా ఆ బల్ల మీద పుస్తకాలు పక్కకి జరిపి సీసా పెట్టింది. నా ఉత్తరం నకలు తిరగేసి, తెల్లగా ఉన్న వైపు పైకి పెట్టింది.

"ఏమని రాయను?" అంది ఇస్మెల్దా.

"విన్నదే రాయి. కవిత్వం కలపకు."

రాసింది. సెప్టెంబరు 28న ఏడో బ్లాకులో పదకొండు మంది కోశారని వైన్ తయారుచేసే టోబిన్ చెప్పగా నా చెవులతో విన్నాను. సంతకం. తేదీ. కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా మణికట్టు అడ్డం పెట్టుకుని రాసింది. ఆమె ఏడ్చింది అందుకు. ఆమె రాసినవాటిలో పనికొచ్చే వాక్యం నాకు తెలిసి అదొక్కటే. ఇంకా క్షమించలేదు నేను. ఎలోదియా క్షమించింది, అది ఆమె ఇష్టం.

తర్వాత ఆ పొద్దున రాస్తారా అని అడిగిన పెద్దమనిషి వచ్చాడు. నేనూ విన్నానమ్మా అన్నాడు. అతని వెనక చేతికర్రతో ఒక ముసలావిడ. వరస కట్టారు, పుస్తకం మీద సంతకానికి కట్టినట్టే. అరవై మందిలో పందొమ్మిది మంది. మిగిలిన నలభై ఒక్క మందికీ కార్లు గుర్తొచ్చాయి. ఇందాక రొట్టెల పద్యానికి కళ్ళొత్తుకున్న ఆడమనిషి మా పక్కనుంచే పోతూ, "ఇది సందర్భం కాదు" అంది. మా చావులకి సందర్భం ఏదో కాస్త చెప్పి పో తల్లీ.

సోమవారం పొద్దున్నే వైనరీ ప్రకటన వేసింది. లేబుల్‌లో ముద్రణ దోషం ఉందట. కొన్నవాళ్ళు సీసాలు తెచ్చిస్తే మార్చి కొత్తవి ఇస్తారట. ఎంత మర్యాద! రేపు కొత్త లేబుల్ మీద ఇరవై ఐదో తేదీ ఉంటుంది, రాసి పెట్టుకోండి.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను, చెవులు రిక్కించి వినండి. ఈ లోయలో ఆ రోజా రంగు సీసా ఎవరింట్లో ఉన్నా తిరిగి ఇవ్వకండి. తాగితే తాగండి, ఖాళీ సీసా కడగకండి, లేబుల్ చింపకండి. జూన్ ముప్పై లోపు భద్రతా శాఖ ఆఫీసుకి పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టండి. అధికారి గారూ, మీరు కాగితం తెమ్మన్నారు, తెచ్చాం. ఇక మీరు కుర్చీలోంచి లేవండి. ఆ రోజు ఎంత పండు దిగిందో, ఎప్పుడు పిండారో టోబిన్ చేతిరాతతో ఒక నోటు పుస్తకం ఉంటుంది. మంటల హడావిడిలో అదీ పోయిందనే లోపు మీరే వెళ్ళి పట్టుకోండి. కూకో, నువ్వు చెయ్యి వదిలినంత తేలిగ్గా నోరు కూడా వదులు. తక్కిన షెరీఫులూ పాసులూ ఇచ్చే పెద్దలూ, గుర్రాన్ని ఉంచని చోట మనిషిని ఉంచడానికి ఇంకెప్పుడూ పాసు ఇవ్వకండి. మళ్ళీ సెప్టెంబరు ఎంతో దూరంలో లేదు, గుట్ట అప్పుడే ఎండిపోతోంది.

ఇక మెరిడిత్ ఓస్గూడ్, మీరు. అదే దళసరి కాగితం తీసుకోండి. మీ పేరు అచ్చేసిందే. లాయరుని పిలవకండి, మీ చేత్తోనే రాయండి. సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన నాబోర్ ఏడో బ్లాకులో ఉన్నాడు. మా పండు కోస్తూ ఉన్నాడు. ఈ ఒక్క ముక్క రాసి, కింద సంతకం పెట్టి, ఎలోదియా ఇంటికి నడిచి తెచ్చివ్వండి.

ఇవాళే రాయండి.